జలకాలుష్య విషప్రభావ నిర్ణయంలో అకశేరుక డింభకాలు: అనంతగిరి గెడ్డల నుండి భీమునిపట్నం మొగ వరకు

తూర్పు కనుమలలోని అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల సున్నపురాతిని ఒరుసుకొంటూ దిగి, తాటిపూడి జలాశయంలో నిలిచి, సుమారు 120 కిలోమీటర్ల ప్రయాణం తరువాత భీమునిపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. ఎగువన ఈ నీటి పక్కనే గిరిజన రైతు కాఫీ పండ్లను పల్పింగ్ చేస్తాడు. మధ్యలో తాటిపూడి నుండి విశాఖపట్నం నగరానికి తాగునీరు వెళుతుంది. చివరన, ఉప్పునీరు మంచినీరు కలిసే మొగలో, ఆలిచిప్పలు రాళ్ళకు అంటుకొని పెరుగుతాయి. ఈ మూడు చోట్లా నీరు బాగున్నదా లేదా అని చెప్పడానికి మనం సాధారణంగా ఆశ్రయించేది రసాయన విశ్లేషణను. పి.హెచ్. ఎంత, కరిగివున్న ఆక్సిజన్ ఎంత, జీవరసాయన ఆక్సిజన్ అవసరం, అనగా బి.ఓ.డి., ఎంత అని కొలిచి పట్టికలో నింపుతాము. ఆ అంకెలన్నీ అవసరమే. అయితే అవి నీటిలో ఏమున్నదో చెబుతాయి గాని, ఆ ఉన్నది జీవికి ఏమి చేస్తున్నదో చెప్పవు. రెండవ ప్రశ్నకు జీవి మాత్రమే సమాధానం చెప్పగలదు. జీవులలో కూడా అన్ని దశల కంటె సున్నితంగా స్పందించేది డింభక దశ.

వ్యవసాయ విద్యార్థులకు ఈ భావన కొత్తది కాదు. కీటకశాస్త్ర ప్రయోగశాలలో పురుగుమందు వివిధ గాఢతలలో పురుగులపై ప్రయోగించి, సగం పురుగులు చనిపోయే గాఢతను ఎల్.సి.50 అని లెక్కకట్టడం ప్రతి విద్యార్థీ చేసిన పనే. అక్కడ పురుగు శత్రువు, మందు మిత్రం. ఇక్కడ పాత్రలు తారుమారవుతాయి. డింభకం మనకు కొలమానం; నీటిలో కలిసినది అనుమానితం. గణితం మాత్రం మారదు.

డింభకమే ఎందుకు?

ఎదిగిన ఆలిచిప్పను కలుషిత జలంలో వేస్తే అది రెండు చిప్పలనూ గట్టిగా మూసుకొని రోజుల తరబడి ఉండగలదు. ఎదిగిన పీత మరొక చోటికి నడిచిపోగలదు. డింభకానికి ఈ రెండు అవకాశాలూ లేవు. ఫలదీకరణ చెందిన అండం నుండి మొదలుకొని చిప్ప ఏర్పడేవరకు దానికి ఏ కవచమూ ఉండదు. దాని శరీర పరిమాణంతో పోలిస్తే నీటికి తగిలే ఉపరితలం చాలా ఎక్కువ. కణాలు నిమిషాల లెక్కన విభజన చెందుతూ ఉంటాయి కనుక ఆ సమయంలో కలిగే చిన్న ఆటంకం కూడా రూపంలో పెద్ద లోపంగా బయటపడుతుంది. విషపదార్థాలను విచ్ఛిన్నం చేసే ఎంజైముల వ్యవస్థ ఇంకా పూర్తిగా రూపొంది ఉండదు. అండంలోని సొన తప్ప వేరే ఆహార నిల్వ ఉండదు.

అందువలననే చనిపోవడం కంటె ముందే కనిపించే సూచనలు డింభకాలలో లభిస్తాయి. ఆలిచిప్ప అండం ఫలదీకరణ చెందిన ఒకటి రెండు రోజులలో ఇంగ్లీషు అక్షరం 'డి' ఆకారంలో, ఒకవైపు తిన్నని కీలుగీతతో, పారదర్శకమైన చిప్ప గల డింభకంగా మారుతుంది. నీటిలో విషం ఉంటే ఆ గీత వంకరపోతుంది, చిప్ప సగంలో ఆగిపోతుంది, లేదా పిండం కణాల ముద్దగా మిగిలిపోతుంది. సూక్ష్మదర్శిని కింద నూరు డింభకాలను లెక్కించి, వాటిలో సరైన 'డి' రూపం ఎన్నిటికి వచ్చిందో నమోదు చేయడమే పరీక్ష. సగం డింభకాలలో రూపలోపం కలిగించే గాఢతను ఇ.సి.50 అంటారు. మరణాన్ని లెక్కించే ఎల్.సి.50కి, లోపాన్ని లెక్కించే ఇ.సి.50కి ఉన్న ఈ తేడాను విద్యార్థులు తరచుగా కలగాపులగం చేస్తుంటారు కనుక ఇక్కడ ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది.

ఈ పద్ధతికి పునాది పడినది అమెరికా పశ్చిమ తీరంలో. వాషింగ్టన్ రాష్ట్రంలో కాగితపు గుజ్జు మిల్లుల సల్ఫైట్ వ్యర్థజలాలు ఆలిచిప్పల మడుగులలో కలుస్తున్న కాలంలో, వోల్కె అనే శాస్త్రవేత్త పసిఫిక్ ఆలిచిప్ప పిండాలతో 48 గంటల పరీక్షను రూపొందించి, 1972లో దానిని నీటి నాణ్యతకు ప్రమాణంగా ప్రకటించాడు. జపాన్‌లో కొబయాషి ఇదే కాలంలో సీ అర్చిన్ అండాలతో ఇటువంటి పరీక్షను అభివృద్ధి చేశాడు. సీ అర్చిన్ అంటే ఒళ్ళంతా ముళ్ళతో బంతివలె రాళ్ళ సందులలో ఉండే సముద్రజీవి. విశాఖ తీరపు రాళ్ళమీద స్టోమోప్న్యూస్టిస్ వేరియోలారిస్ అనే నల్లని జాతి కనిపిస్తుంది. దీనికి పొటాషియం క్లోరైడ్ ద్రావణాన్ని సూది ద్వారా ఎక్కిస్తే కొద్ది నిమిషాలలో అండాలను గాని శుక్రకణాలను గాని విడుదల చేస్తుంది. ఆ రెంటినీ కలిపిన రెండు మూడు నిమిషాలలోనే అండం చుట్టూ ఫలదీకరణ పొర లేచి కనబడుతుంది. తరగతి గదిలో ఒక్కసారి దీనిని చూపిస్తే చాలు, విద్యార్థికి పిండోత్పత్తి శాస్త్రం మీద భయం పోతుంది.

రాగి: మనిషికి మంచినీరు, డింభకానికి విషం

డింభక పరీక్షల ప్రయోజనం ఎక్కడున్నదో ఒక్క మూలకంతో వివరించవచ్చు. 1981లో మార్టిన్, ఆయన సహచరులు పది లోహాల విషప్రభావాన్ని ఆలిచిప్ప, మసెల్ పిండాలపైన, పీత డింభకాలపైన పరీక్షించారు. రాగి విషయంలో ఆలిచిప్ప, మసెల్ పిండాలలో సగానికి రూపలోపం కలిగించిన గాఢత లీటరుకు 5 నుండి 6 మైక్రోగ్రాములు మాత్రమే. భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో ఆమోదించిన రాగి లీటరుకు 0.05 మిల్లీగ్రాము, అనగా 50 మైక్రోగ్రాములు. మనిషి నిశ్చింతగా తాగగల నీటిలో ఆలిచిప్ప సంతానం పుట్టలేదన్నమాట. తాగునీటి ప్రమాణం తప్పని దీని అర్థం కాదు. అది మనిషి కోసం ఏర్పరచినది. మొగలోని జీవులకు అదే ప్రమాణం చాలుతుందని అనుకోవడమే పొరపాటు.

రాగిని ఉదాహరణగా తీసుకోవడానికి మరొక కారణం కలదు. కాఫీలో ఆకు కుంకుమ తెగులుకు, కాఫీ నీడచెట్లకు పాకించిన మిరియాలలో వేరు, మొదలు కుళ్ళుకు మనం దశాబ్దాలుగా సిఫారసు చేస్తున్నది బోర్డో మిశ్రమాన్ని. ఒక శాతం మిశ్రమానికి 100 లీటర్ల నీటిలో ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం వాడతారు. మైలుతుత్తంలో రాగి సుమారు నాలుగవ వంతు, అంటే ఈ 100 లీటర్లలో దాదాపు 250 గ్రాముల రాగి ఉంటుంది. ఆ రాగి మొత్తం కరిగిన రూపంలో నీటిలో చేరిందని ఊహిస్తే, దానిని లీటరుకు 5 మైక్రోగ్రాముల స్థాయికి పలచన చేయడానికి ఐదు కోట్ల లీటర్ల నీరు కావాలి.

ఈ లెక్కను చూసి వెంటనే బోర్డో మిశ్రమాన్ని నిందించడం తగదు. సున్నం కలిసినప్పుడు రాగి కరగని రూపంలోకి మారుతుంది. ఆకుమీద, నేలమీద పడినది సేంద్రియ పదార్థంతో బంధింపబడుతుంది. పైగా విషప్రభావం చూపేది మొత్తం రాగి కాదు, స్వేచ్ఛగా ఉన్న రాగి అయాను. బొర్రా ప్రాంతపు సున్నపురాతి గుండా ప్రవహించిన నీటిలో కాఠిన్యత ఎక్కువ కనుక అక్కడ మంచినీటి జీవులకు రాగి ప్రభావం కొంత తగ్గుతుంది. నల్లరాతి కొండల మీది మెత్తని నీటిలో అదే మోతాదు ఎక్కువ హాని చేస్తుంది. రసాయన విశ్లేషణ మొత్తం రాగిని కొలిచి ఒక అంకె ఇస్తుంది. డింభకం తనకు తగిలిన రాగిని మాత్రమే కొలుస్తుంది. ఒకే అంకె ఉన్న రెండు నీళ్ళలో ఒకదానిలో డింభకాలు బతికి, మరొకదానిలో చనిపోవడం ఇందువలననే.

కాఫీ పల్పింగ్ నీరు

అల్లూరి సీతారామరాజు జిల్లాలో కాఫీ పండ్ల కోత నవంబరు నుండి ఫిబ్రవరి వరకు సాగుతుంది. వానలు వెనుకబడి గెడ్డలలో ప్రవాహం తగ్గుతూ వచ్చే కాలం సరిగ్గా ఇదే. పండు తొక్క తీసి, గింజను అంటిన జిగురును పులియబెట్టి, కడిగి ఆరబెట్టే తడి పద్ధతికి నీరు కావాలి. నీరు ఉన్న చోట అంటే గెడ్డ ఒడ్డునే పల్పర్ పెట్టడం సహజం. ఐ.టి.డి.ఎ. ద్వారా అందిన చేతి పల్పర్లు గిరిజన రైతుకు మేలు చేశాయన్నది నిస్సందేహం. పండుగా అమ్ముకొనే బదులు పార్చ్‌మెంటుగా అమ్మితే ధర పెరుగుతుంది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించిన తరువాత నాణ్యతపై శ్రద్ధ మరింత పెరిగింది. నాణ్యమైన కాఫీ కావాలంటే శుభ్రంగా కడగాలి. కడిగిన నీరు ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్నకు మాత్రం అంత శ్రద్ధ దక్కలేదు.

ఆ నీటిలో చక్కెరలు, పెక్టిన్, టానిన్లు, కొంత కెఫీన్ ఉంటాయి. చక్కెరలు పులిసి ఆమ్లాలుగా మారడం వలన పి.హెచ్. 4 దరిదాపులకు పడిపోతుంది. పెక్టిన్ విరిగి పైన మందమైన తెట్టుగా కడుతుంది. బి.ఓ.డి. లీటరుకు వేల మిల్లీగ్రాములలో ఉంటుంది. పదివేల మిల్లీగ్రాములు అనుకొని ఒక చిన్న లెక్క వేద్దాం. సుమారు 900 మీటర్ల ఎత్తున, 20 డిగ్రీల వద్ద, గెడ్డ నీటిలో పూర్తిగా కరిగివుండగల ఆక్సిజన్ లీటరుకు 8 మిల్లీగ్రాములకు కాస్త పైన. అంటే ఒక లీటరు పల్పింగ్ నీరు పూర్తిగా కుళ్ళడానికి 1,200 లీటర్ల గెడ్డ నీటిలోని ఆక్సిజన్ అంతా ఖర్చు కావాలి. జనవరిలో సన్నబడిన గెడ్డకు ఇది చిన్న భారం కాదు. గెడ్డలోని రాళ్ళ మీదుగా దూకే నీరు గాలి నుండి ఆక్సిజన్‌ను తిరిగి పొందుతుందనేది నిజమే. అందుకే హాని గెడ్డ పొడవునా ఒకే తీరుగా ఉండక, పల్పర్ దిగువన ఉన్న నెమ్మది మడుగులలో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మడుగుల నుండే తాగునీరు ముంచుకొనే గూడేలు ఉన్నాయి.

చింతపల్లిలో ఏర్పాటైన ఎకో పల్పింగ్ వంటి యంత్రాలు జిగురును యాంత్రికంగా తొలగించి నీటి వాడకాన్ని బాగా తగ్గిస్తాయి. మంచి మార్గమే. అయితే నీరు తగ్గినంత మాత్రాన జిగురు తగ్గదు. తక్కువ నీటిలో అదే జిగురు మరింత చిక్కగా వెలువడుతుంది. పరిమాణం తగ్గిన వ్యర్థజలాన్ని గుంతలో నిలిపి సున్నంతో తటస్థపరచడం సులభం కనుక ఇది లాభమే గాని, అదే చిక్కని నీటిని నేరుగా గెడ్డలోకి వదిలితే లాభం కాస్తా నష్టమవుతుంది.

చేప చెప్పే సాక్ష్యం చాలదు

పర్యావరణ పరిరక్షణ నియమాల కింద వ్యర్థజలాల విడుదలకు ఏర్పరచిన సాధారణ ప్రమాణాలలో జీవ పరీక్ష ఒకటి ఉన్నది. పలచన చేయని వ్యర్థజలంలో 96 గంటల తరువాత 90 శాతం చేపలు బతికి ఉండాలి. రసాయన ప్రమాణాల నడుమ ఒక జీవిని చేర్చడం ఆ నియమాలు చేసిన మేలు. కాని చేపను ఒక్కదానినే నమ్ముకోవడంలో రెండు చిక్కులున్నాయి.

మొదటిది, ఎదిగిన చేప ఓర్వగలిగినదానిని డింభకాలు ఓర్వలేకపోవచ్చు. రెండవది మరింత ముఖ్యమైనది: ఏ జీవిని ఎంచుకొన్నామన్న దాని మీద జవాబు ఆధారపడుతుంది. కొర్రమీను వంటి గాలి పీల్చే చేపను ఎంచుకొంటే ఆక్సిజన్ లేని నీరు కూడా పరీక్షలో నెగ్గుతుంది. అకశేరుకాలలోనూ ఇదే సంగతి. ఇమిడాక్లోప్రిడ్ మందుకు డాఫ్నియా అనే నీటి ఈగ 48 గంటల ఇ.సి.50 లీటరుకు సుమారు 85 మిల్లీగ్రాములు. కైరోనోమస్ అనే కుట్టని దోమ డింభకానికి అదే మందు లీటరుకు కొన్ని పదుల మైక్రోగ్రాములు చాలు. తేడా వెయ్యి రెట్లకు పైమాటే. డాఫ్నియాతో మాత్రమే పరీక్షించిన కాలంలో ఈ మందు నీటికి దాదాపు నిరపాయమనిపించింది. కీటకాలను చంపడానికి తయారైన మందును కీటకం కాని జీవితో పరీక్షించడమే అక్కడి లోపం.

కొండ గెడ్డలలో నివసించే అకశేరుకాలలో అత్యధిక భాగం కీటక డింభకాలే. గెడ్డలో ఒక రాయిని తిరగేసి చూస్తే మూడు తోకలతో, పొట్టకు రెండు పక్కలా ఆకులవంటి మొప్పలతో పాకే మేఫ్లై డింభకాలు, ఇసుక రేణువులతో గొట్టంవంటి గూడు కట్టుకొని అందులో దాగే కాడిస్‌ఫ్లై డింభకాలు, తూనీగ డింభకాలు కనిపిస్తాయి. పాడేరు ప్రాంతంలోని మత్స్యగుండంలో చేపలను దైవంగా భావించి ఎవరూ పట్టరు. ఆ చేపలకు మేత అయ్యే ఈ డింభకాలకు అటువంటి రక్షణ ఏదీ లేదు. అరకు ప్రాంతపు తోటలలో 2025లో కాఫీ కాయతొలుచు పురుగు బయటపడిన తరువాత ఈ సంగతి మరింత ఆలోచించవలసినదైనది. పురుగు ఉన్న పండ్లను ఏరి, వేడినీటిలో ముంచి పూడ్చిపెట్టడం, రాలిన పండ్లను తోటలో మిగల్చకపోవడం వంటి పద్ధతులకు మొదటి స్థానం ఇవ్వాలన్నది ఈ రచయిత దృఢాభిప్రాయం. ఏటవాలు తోటలో చల్లిన క్లోరిపైరిఫాస్ వంటి మందు తరువాతి వానకు చేరేది గెడ్డకే, అక్కడ దానికి మొదట బలి అయ్యేవి ఈ డింభకాలే.

మంచినీటి డింభకాలతో పరీక్ష

సముద్రపు డింభకాలను కొండ నీటిలో నేరుగా వేయడానికి వీలులేదు. ఉప్పు లేని నీరే వాటికి విషం. కాబట్టి గెడ్డ నీటిని ఆలిచిప్ప పిండాలతో పరీక్షించాలంటే ముందు దాని లవణీయతను పెంచాలి. సముద్రజలాన్ని ఇగిర్చి వెయ్యికి 100 పాళ్ళ లవణీయత గల చిక్కని ఉప్పునీటిని తయారుచేసి, దానిని 30 పాళ్ళు, నమూనాను 70 పాళ్ళు కలిపితే పరీక్షకు తగిన 30 పాళ్ళ లవణీయత వస్తుంది. అంటే ఈ పద్ధతిలో పరీక్షించగల అత్యధిక గాఢత 70 శాతమే. ఇగిర్చిన ఉప్పునీటిని మంచినీటితో మాత్రమే కలిపిన మరొక కంట్రోల్ కూడా తప్పనిసరి. లేకపోతే ఉప్పు చేసిన హానిని నమూనాకు అంటగట్టే ప్రమాదం ఉన్నది.

గెడ్డకు గెడ్డ జీవే తగినది. కైరోనోమస్ డింభకాలు ఇందుకు అనుకూలం. వీటిలో హీమోగ్లోబిన్ ఉండటం వలన ఎర్రగా ఉంటాయి; మురుగు కాలువలలో ఎర్రని సన్నని పురుగులుగా అందరూ చూసినవే. వీటి గుడ్లు జిగురు తాడువంటి ముద్దలో వందలకొద్దీ ఉంటాయి, రెండు మూడు రోజులలో పొదుగుతాయి, చిన్న తొట్టెలో తరం తరువాత తరం పెంచవచ్చు. మన దేశపు జాతి అయిన కైరోనోమస్ రామోసస్‌ను పుణే విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల జీవిగా విస్తృతంగా అధ్యయనం చేశారు. అంతర్జాతీయ ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ, అనగా ఓ.ఇ.సి.డి., 2011లో ప్రకటించిన 235వ మార్గదర్శక సూత్రం ప్రకారం, పొదిగిన మొదటి దశ డింభకాలను 48 గంటలు నమూనాలో ఉంచుతారు. పాత్రను మెల్లగా కదిపిన తరువాత 15 సెకన్లలోగా చోటు మారని డింభకాన్ని అచేతనమైనదిగా లెక్కిస్తారు. కంట్రోల్‌లో ఇటువంటివి 15 శాతం మించితే పరీక్ష చెల్లదు.

ఎర్ర డింభకానికి ఒక పరిమితి ఉన్నది. హీమోగ్లోబిన్ ఉన్నందున తక్కువ ఆక్సిజన్‌ను అది ఓర్చుకొంటుంది. పల్పింగ్ నీటి ప్రధాన దోషమే ఆక్సిజన్ లేమి కనుక, దానికి కైరోనోమస్ మరీ ఉదారమైన న్యాయమూర్తి. పురుగుమందుల విషయంలో మాత్రం నమ్మదగినది. మేఫ్లై డింభకాలు ఆక్సిజన్ విషయంలోనూ మందుల విషయంలోనూ సున్నితమైనవే గాని, వాటిని ప్రయోగశాలలో తరతరాలుగా పెంచడం కష్టం. గెడ్డ నుండి తెచ్చిన వాటి వయసు ఒకేలా ఉండదు. అందుచేత మేఫ్లైని గెడ్డలోనే లెక్కించడం, కైరోనోమస్‌ను ప్రయోగశాలలో పరీక్షించడం మంచి పద్ధతి అని తోస్తుంది. పల్పర్‌కు ఎగువన, దిగువన ఒకే రకమైన రాళ్ళున్న చోట, కోతకు ముందు అక్టోబరులో, కోత ఉధృతంగా ఉన్న జనవరిలో, ముగిసిన తరువాత మార్చిలో లెక్కిస్తేనే తేడాకు కారణం కాలమా, పల్పరా అన్నది తేలుతుంది. ఒక్కసారి, ఒక్కచోట లెక్కించి ఇచ్చిన నివేదికకు శాస్త్రీయ విలువ తక్కువ.

ఫలితాన్ని సరిదిద్దడానికి 1925లో అబ్బాట్ సూచించిన సూత్రం పంటల కీటకశాస్త్రంలో వాడే అదే సూత్రం. కంట్రోల్‌లో 8 శాతం డింభకాలు అచేతనమై, నమూనాలో 54 శాతం అచేతనమైతే, 54 నుండి 8 తీసివేసి, వచ్చిన 46ను 100 నుండి 8 తీసివేసిన 92తో భాగిస్తే సగం, అనగా 50 శాతం అసలు ప్రభావం. సముద్రపు పరీక్షకు ఉన్న నిబంధన వేరు: ఆలిచిప్ప పిండాల కంట్రోల్‌లో కనీసం 70 శాతం బతకాలి, బతికిన వాటిలో 90 శాతానికి సరైన చిప్ప ఏర్పడాలి.

నేరస్థుని పట్టుకొనడం

డింభకాలు చనిపోయాయని తేలితే పని సగమే అయినట్టు. దేని వలన అన్నది తేల్చకపోతే రైతుకు ఏమి సలహా ఇవ్వగలము? దీనికి అనుసరించే మార్గం తేలికైనదే గాని ఓపిక కావాలి. ఒకే నమూనాను అనేక భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క మార్పు చేసి, మళ్ళీ డింభకాలతో పరీక్షిస్తారు. ఒక భాగంలోకి గాలి పంపుతారు. విషప్రభావం పోతే దోషం ఆక్సిజన్ లేమిది. మరొక భాగం పి.హెచ్.ను 7కు తెస్తారు. అప్పుడు పోతే దోషం ఆమ్లానిది, సున్నం చాలు. ఇంకొక భాగంలో ఇ.డి.టి.ఎ. కలుపుతారు. అది రాగి, జింకు వంటి లోహాలను బంధిస్తుంది కనుక దానితో డింభకాలు కోలుకొంటే అనుమానం బోర్డో మిశ్రమం వైపు తిరుగుతుంది.

పురుగుమందుల విషయంలో మన విద్యార్థులకు బాగా తెలిసిన పైపెరోనిల్ బ్యూటాక్సైడ్ ఇక్కడ విచిత్రంగా ఉపయోగపడుతుంది. దానిని పైరిత్రాయిడ్ మందుల శక్తిని పెంచే సినర్జిస్టుగా చదువుకొన్నాము. కీటక శరీరంలో మందును విచ్ఛిన్నం చేసే ఎంజైములను అది అడ్డుకొంటుంది. అయితే క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు అవే ఎంజైముల చేత మారిన తరువాతనే పూర్తి విషంగా పనిచేస్తాయి. కనుక నమూనాకు దీనిని కలిపినప్పుడు డింభకాల మరణాలు తగ్గితే ఆర్గానోఫాస్ఫేట్‌ను, పెరిగితే పైరిత్రాయిడ్‌ను అనుమానించాలి. ఖరీదైన పరికరాలు చూపవలసిన దారిని ఒక సీసా మందు, కొన్ని పురుగులు చూపుతాయి. ఆ తరువాత ఏ మందు కోసం వెదకాలో నిర్దిష్టంగా చెప్పి నమూనాను విశ్లేషణకు పంపవచ్చు. 'అన్నీ చూడండి' అని పంపిన నమూనాకు ఖర్చు ఎక్కువ, జవాబు తక్కువ.

నమూనాను నిండుగా సీసాలో నింపి, చీకటిలో 4 డిగ్రీల వద్ద ఉంచి, 36 గంటలలోగా పరీక్ష మొదలుపెట్టాలి. అరకు నుండి విశాఖపట్నానికి ఘాట్ రోడ్డు మీద నాలుగు గంటలు చాలు కనుక ఉదయం సేకరించిన నీరు సాయంత్రానికి ప్రయోగశాల చేరుతుంది. పల్పింగ్ నీరు మాత్రం దారిలోనే పులుస్తుంది. పి.హెచ్., ఆక్సిజన్ గెడ్డ ఒడ్డునే కొలిచి రాసుకోకపోతే ప్రయోగశాలలో దొరికేది ప్రయాణం మిగిల్చిన నీరే గాని గెడ్డ నీరు కాదు.

తీరం నేర్పిన పాఠాలు

విశాఖపట్నానికి ఈ శాస్త్రంలో పాత సంబంధమే ఉన్నది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర శాఖలో ఆచార్య పి.ఎన్. గణపతి, ఆయనతో కలిసి ఎ.వి. రామన్ విశాఖ ఓడరేవు కాలుష్యాన్ని అధ్యయనం చేశారు. 1983లో వెలువడిన వారి వ్యాసం ఓడరేవు అడుగు బురదలోని పాలికీట్ పురుగులను గురించినది. కాలుష్యం ఎక్కువైన చోట మిగతా జాతులు తరిగిపోయి కాపిటెల్లా కాపిటేటా అనే పురుగు విపరీతంగా పెరగడం అటువంటి చోట్ల సూచిక. ఆ ఓడరేవులో కలిసే మేహాద్రిగెడ్డ పేరులో కూడా గెడ్డ ఉండటం గమనార్హం. ఉత్తరాంధ్రలో కొండకూ రేవుకూ మధ్య ఉన్నది ఒక గెడ్డ దూరమే.

డింభకాలను పట్టించుకోకపోతే ఏమవుతుందో ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతం చూపింది. పడవల అడుగున నాచు, నత్తగుల్లలు పట్టకుండా పూసే ట్రైబ్యూటైల్ టిన్ రంగు 1970 దశకం చివరన అక్కడి ఆలిచిప్పల సంతతిని దెబ్బతీసింది. పెద్ద ఆలిచిప్పలు బతికే ఉన్నాయి, గుడ్లూ పెట్టాయి; డింభకాలు మాత్రం నిలవలేదు. వరుసగా కొన్ని సంవత్సరాలు కొత్త పిల్ల లేక రైతులు నష్టపోయిన తరువాత, 1982లో ఫ్రాన్సు చిన్న పడవలకు ఆ రంగును నిషేధించింది. ప్రపంచవ్యాప్త ఒప్పందం అమలులోకి వచ్చేసరికి 2008 అయినది. పెద్ద జీవులు కనిపిస్తున్నంతకాలం నీరు బాగున్నదని నమ్మే అలవాటు ఎంత ఖరీదైనదో ఆర్కషాన్ రైతులకు తెలుసు.

భీమునిపట్నం మొగలోని ఆలిచిప్పలు, క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ అని చాలాకాలం పిలువబడిన జాతివి. పరిపక్వమైన ఆలిచిప్ప జననాంగాన్ని కోసి అండాలను, శుక్రకణాలను నేరుగా వేరుచేయవచ్చు; మిల్లీలీటరుకు 15 నుండి 30 పిండాల చొప్పున పరీక్షపాత్రలలో వేస్తే చాలు. పసిఫిక్ జాతికి వాడే 20 డిగ్రీల ఉష్ణోగ్రత ఇక్కడి జాతికి తగదు. మన తీరపు నీటి ఉష్ణోగ్రతకు, అనగా 28 డిగ్రీల దరిదాపులకు, పద్ధతిని సవరించుకొని, రాగితో ప్రామాణిక పరీక్ష నెలనెలా జరిపి, డింభకాల సున్నితత్వం నిలకడగా ఉన్నదని ముందు నిరూపించుకోవాలి. ఇది స్నాతకోత్తర విద్యార్థి ఒక సంవత్సరంలో చేయగల పని.

విస్తరణ శాస్త్రవేత్త గూడెంలో మాట్లాడేటప్పుడు ఎల్.సి.50 అవసరం లేదు. పల్పర్ ఎగువన గెడ్డలో ఒక రాయిని, దిగువన మరొక రాయిని తీసి, తెల్లని పళ్ళెంలో నీళ్ళు పోసి, రెంటి పురుగులనూ పక్కపక్కన చూపించవచ్చు. మూడు తోకల పురుగు ఎగువ పళ్ళెంలో ఉండి దిగువ పళ్ళెంలో లేకపోతే, అడగవలసిన ప్రశ్నను అక్కడి వారే అడుగుతారు. ఆ ప్రశ్నకు మన వద్ద ఉండవలసిన జవాబు పల్పర్‌ను గెడ్డ నుండి దూరంగా జరిపే చోటు, తొక్కలను ఎరువుగా కుళ్ళబెట్టే గుంత, కడిగిన నీటిని నిలిపే మరొక గుంత, దానికి వేయవలసిన సున్నం మోతాదు. ఈ చివరి అంకెను ఒక్కొక్క రకం పల్పర్‌కు, ఒక్కొక్క నేలకు వేరువేరుగా, డింభకాలతో పరీక్షించి నిర్ణయించవలసి ఉన్నది.